లినక్సు యంత్రమున జావాస్క్రిప్టు సాధనస్థాపనము: నామ స్థాన సంఖ్యా ప్రమాణ విచారము

రెండు కంప్యూటరు లొకే గదిలోఁ బ్రక్కప్రక్కన నున్నవని యూహింపఁదగును. రెంటియందును లినక్సు కలదు. జావాస్క్రిప్టు భాషలో వ్రాయఁబడిన యొకే ఫైలు రెంటియందును గలదు. ఒక తేదీని దెలుఁగున వ్రాయుమని యందలి వాక్యము యంత్రమున కాజ్ఞ యిచ్చుచున్నది. మొదటి యంత్రము మాసమును "ఆగస్టు" అని తెలుఁగు లిపిలో వ్రాసినది. రెండవది యా మాసనామమునే యాంగ్లమున వ్రాసినది. ఫైలునం దొక్క యక్షరమైన భేదము లేదు. దానిని నడపిన సాధనమునకు రెండుచోట్లను "నోడ్" అను పేరే కలదు. శబ్ద మొకటి, ఫలము వేఱు. ఇట్లగుటకుఁ గారణమేమి యనునది విచార్యము.

కారణము వ్రాఁతలో లేదు, స్థాపనమునం దున్నది. నోడ్ నిర్వాహకులు స్వయముగా సిద్ధపఱచి పంచిన ప్రతులలో 12వ వెర్షనువఱకు ఆంగ్లభాషకుఁ జెందిన మాసనామాది సామగ్రి మాత్రమే సామాన్యముగాఁ జేర్పఁబడుచుండెను. 2019 అక్టోబరున వెలువడిన 13వ వెర్షను మొదలుకొని యితరభాషల సామగ్రియుఁ గూడఁ జేర్పఁబడినది. అందుఁ దెలుఁగు నున్నది. పై రెండు యంత్రములలో నొకదాన 13వ వెర్షనుకంటెఁ దరువాతిది, మఱియొకదాన ముందటిది స్థాపింపఁబడుటచే ఫలభేదము కలిగినది.

స్థాపనమనఁగా నొక వస్తువును దెచ్చి యంత్రమునఁ బెట్టుటయే యనియు, అది యొక్క యాజ్ఞతో ముగియుననియుఁ బలువురి యభిప్రాయము. ఈ పక్షము నిలువదు. "నోడ్" అను శబ్ద ముచ్చరింపఁబడినపు డీ యంత్రమున, ఈ కార్యమున, దానికి నర్థమేదియో నిశ్చయించుటయే స్థాపనము. ఆ నిశ్చయమునకు నామము, స్థానము, సంఖ్య, ప్రమాణము అని నాలుగంగములు. వీనిలో నొకటి లోపించినను దక్కిన మూఁడును సందిగ్ధములగును. డెబియన్ అను లినక్సు పంపిణీని, దానినుండి పుట్టిన ఉబుంటును ఉదాహరణముగాఁ గొని యీ నాలుగును గ్రమముగా నిరూపింపఁబడును. ఇందలి యాజ్ఞలు తెలుఁగు లిపిలో వ్రాయఁబడినవి. యంత్రమునకు వానిని రోమను లిపిలోఁ, జిన్న యక్షరములతో నీయవలయును. వానియందలి ఖాళీలును, అడ్డగీఁతలును వర్ణములవలెనే యర్థవంతములు గనుక విడువరాదు.

నామము

జావాస్క్రిప్టు అను పేరే మొదటి భ్రమకుఁ గారణము. 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ పది దినములలో నీ భాష తొలిరూపమును నిర్మించెను. దీనికి మొదట మోకా యనియుఁ, బిదప లైవ్‌స్క్రిప్ట్ అనియుఁ బేళ్లు. ఆ యేఁడు డిసెంబరున జావాస్క్రిప్టు అను పేరు స్థిరపడెను. అప్పటికి జావా అను వేఱొక భాష ప్రసిద్ధికి వచ్చియుండుటచే నా ప్రసిద్ధి యీ పేరునకుఁ దోడయ్యెను. జావా నేర్చినవానికి జావాస్క్రిప్టు రాదు. జావాకై తెచ్చిన సాధనములు దీని కుపయోగింపవు. ఇది రూఢిశబ్దమే గాని యవయవార్థము చెప్పఁదగిన యౌగికము కాదు. 1997లో ఎక్మా అను ప్రమాణసంస్థ యీ భాషకు లక్షణగ్రంథమును వెలువరించినపుడు ఎక్మాస్క్రిప్టు అను వేఱొక పేరును గ్రహించెను. నేఁటికిని లక్షణమున నొక పేరు, లోకమున నొక పేరు.

ఈ భాష మొదట బ్రౌజరులోనే నడచుచుండెను. బ్రౌజరుగల ప్రతియంత్రమునందును నది యున్నట్లే గనుక వేఱుగా స్థాపింపవలసిన పని లేకుండెను. 2008లో గూగుల్ సంస్థ తన క్రోమ్ బ్రౌజరునకై వీ8 అను యంత్రాంగమును వెలువరించెను. 2009లో ర్యాన్ డాల్ దానిని బ్రౌజరునుండి వెలికిఁ దెచ్చి, ఫైళ్లు చదువుట, వ్రాయుట మొదలగు శక్తులఁ జేర్చి నోడ్‌ను నిర్మించెను. ఇతరులు వ్రాసిన చిన్న గ్రంథభాగములను దెచ్చి కూర్చుటకు ఐజాక్ ష్లూటర్ ఎన్‌పీఎం అను సాధనమును గల్పించెను. ఈ రెండును మూలసాధనములు. వ్రాఁతలోని దోషముల నెత్తి చూపు ఈఎస్‌లింట్, పదార్థజాతి నిర్దేశముతో వ్రాయుటకుఁ దోడ్పడు టైప్‌స్క్రిప్ట్ మొదలగునవి యెన్‌పీఎం ద్వారా లభించు నుపసాధనములు.

నోడ్ అను పేరు డెబియనులో వివాదాస్పదమైనది. ఆ పంపిణీలో నప్పటికే అభిరుచిచే రేడియో సందేశములు నడపువారి ప్రోగ్రాము నొకదానికి "నోడ్" అను పేరుండెను. వేర్వేఱు పనులుచేయు రెండు ప్రోగ్రాముల కొకే యాజ్ఞానామ ముండరాదని డెబియను నియమము. లోకమున నానార్థశబ్దములకుఁ బ్రకరణమునుబట్టి యర్థము నిర్ణయింపవచ్చును. యంత్రమునకుఁ బ్రకరణజ్ఞానము లేదు. కావున 2012లో డెబియను సాంకేతికసమితి జావాస్క్రిప్టు సాధనమునకు "నోడ్‌జేఎస్" అను నాజ్ఞానామమునే విధించెను. అయినను లోకమునఁ బ్రచారమునందున్న ప్రోగ్రాములు మొదటి పంక్తిలోనే "నోడ్" అని పిలుచుచుండెను. డెబియనులో నా పిలుపునకుఁ బలుకువారు లేరు. పాత పేరున కొక లంకెను గల్పించు వేఱొక ప్యాకేజి, "నోడ్‌జేఎస్-లెగసీ" యనునది, యీ కొఱఁతను దీర్చుటకై పుట్టినది. 2017లో నా సమితియే తన పూర్వనిర్ణయమును రద్దుచేయఁగా "నోడ్" అను పేరు దీనికే దక్కినది.

ఈ చరిత్ర తెలియనివారు పాతపుస్తకములఁ జూచి నోడ్‌జేఎస్-లెగసీని వెదకుటయు, దొరకక చింతించుటయుఁ గలదు. ఇప్పటి స్థితి యిది: డెబియనులోఁ బ్యాకేజి పేరు నోడ్‌జేఎస్, ఆజ్ఞ పేరు నోడ్. ఎన్‌పీఎం వేఱు ప్యాకేజి గనుక దానిని బ్రత్యేకముగాఁ గోరవలయును. నోడ్ నిర్వాహకులు నేరుగా నిచ్చు ప్రతిలో నన్ననో యది చేరియే వచ్చును.

స్థానము

నామము నిశ్చితమైన పిదప, ఆ పేరుగల ప్రతులు పలుచోట్ల నున్నపు డేది గ్రాహ్యమను ప్రశ్న కలుగును. ఒకఁడు మొదట డెబియను భాండారమునుండి నోడ్‌ను దెచ్చును. అది పాతదని తోఁపఁగా వేఱొకచోటినుండి క్రొత్తదానిని దెచ్చును. మొదటిదానిని దొలఁగింపఁడు. యంత్రమునఁ రెండు నోడ్‌లు నిలుచును.

యంత్రము "పాత్" అను పట్టికను జూచును. అందు ఫోల్డరుల పేళ్లు వరుసగా నుండును. పిలువఁబడిన పేరు ముందుగా నే ఫోల్డరులో దొరకునో యదియే గ్రాహ్యము, తరువాతివి చూడఁబడవు. తుల్యబలముగల సూత్రములకు విరోధము కలిగినపుడు పరమైనది ప్రబలమని పాణినీయుల పరిభాష. ఇచట దానికి విపర్యయము: పూర్వమే ప్రబలము. డెబియనులో సామాన్యముగా /యుఎస్ఆర్/లోకల్/బిన్ ముందును, /యుఎస్ఆర్/బిన్ తరువాతను నుండును. కాఁబట్టి చేతితోఁ దెచ్చి "లోకల్"నందుంచిన ప్రతి, డెబియను తెచ్చిన ప్రతిని మఱుఁగుపఱచును.

సంశయనివృత్తికి "టైప్ -ఏ నోడ్" అను నాజ్ఞ చాలును. ఆ పేరునకు యంత్రమునఁ గల యర్థముల నన్నిటిని, ప్రాబల్యక్రమమున నది చూపును. మఱియొక సూక్ష్మము: బాష్ అను నాజ్ఞాగ్రాహకము ఒకమాఱు కనుగొన్న చోటును జ్ఞాపకముంచుకొనును. క్రొత్త ప్రతి ముందటి స్థానమునఁ జేరినను, అదే టెర్మినలునందుఁ బాతదానినే పిలుచుట కలదు. "హ్యాష్ -ఆర్" అను నాజ్ఞచే నా స్మృతి తొలఁగును. టెర్మినలును మూసి తెఱచినను నంతియే.

గ్రంథభాగముల విషయమున వేఱొక న్యాయము ప్రవర్తించును. నోడ్ నడపు ఫైలు ఇతరగ్రంథము నొకదానిఁ బేరుతోఁ గోరినపుడు, ఆ ఫైలున్న ఫోల్డరులోని "నోడ్_మాడ్యూల్స్" అను సంచయమున మొదట వెదకఁబడును. అందు లేనిచో దానికిఁ బైఫోల్డరున, అందును లేనిచో నంతకుఁ బైదాన, ఇట్లు మూలమువఱకు వెదకును. అంతరంగము బహిరంగముకంటె బలీయమను పరిభాష నెఱిఁగినవారి కిది సుగమము. సమీపమున నున్నదే గ్రాహ్యమగుటచే నొక కార్యమునకుఁ గావలసిన గ్రంథము మఱియొక కార్యమునకుఁ గావలసినదానితోఁ గలహింపదు.

ఇందుమూలమునఁ దేలిన దేమనఁగా స్థానములు మూఁడు: యంత్రమున కంతకును జెందిన వ్యవస్థాస్థానము, ఒక్క వినియోగదారుని గృహఫోల్డరు, ఒక్క కార్యమునకుఁ జెందిన కార్యఫోల్డరు. వ్యవస్థాస్థానమున డెబియను "ఆప్ట్" అను తన సాధనముచే వ్రాయును. అచట వ్రాయుట కధికారము కావలయును. "సుడో" అను పదమును ముందుంచి యా యధికారమును దాత్కాలికముగా నెరవు తెచ్చుకొందురు.

క్రొత్తవారి ప్రమాదమంతయు నిచ్చటనే. "ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ -జీ" అని ఒక యుపసాధనమును యంత్రమున కంతకు స్థాపింపఁబోవుదురు. అనుమతి లేదని యంత్రము నిరాకరించును. వెంటనే ముందు "సుడో" చేర్చి మరల నదే యాజ్ఞ నిత్తురు, పని నెఱవేఱును. కాని యపరిచితులు వ్రాసిన గ్రంథమునకు యంత్రాధికార మంతయు నొసఁగఁబడినది. నిరాకరణము విఘ్నము గాదు, హెచ్చరిక. "ఎన్‌పీఎం కాన్‌ఫిగ్ సెట్ ప్రిఫిక్స్" అను నాజ్ఞచే నట్టి యుపసాధనముల స్థానమును గృహఫోల్డరులోనికి మార్చుకొనుట యొక పరిహారము. ఉపసాధనమును గార్యఫోల్డరుననే స్థాపించి "ఎన్‌పీఎక్స్" ద్వారా పిలుచుట దానికంటె మేలైనది.

సంఖ్య

నామమును స్థానమును నిశ్చితమైనను, ఆ పేరుగల గ్రంథమున కెన్నవ పాఠమో తెలియక ఫలము తెలియదు. ఉబుంటు 24.04లోని నోడ్ సంఖ్య 18.19.1. ఇందు మూఁడవ యంకె దోషపరిహారములకు, రెండవది పూర్వవిరోధము లేని చేర్పులకు, మొదటిది పూర్వవిరుద్ధములైన మార్పులకు సూచకములు. మొదటి యంకె మాఱినచోఁ బాతవ్రాఁత చెడవచ్చును. ఎన్‌పీఎం గ్రంథములును సామాన్యముగా నీ మర్యాదనే యనుసరించును.

డెబియను పంపిణీలోని సంఖ్యలను వరుసగాఁ జూచినచో విషయము స్పష్టమగును. 2019లో వెలువడిన డెబియన్ 10లో నోడ్ 10, 2021లోని 11లో నోడ్ 12, 2023లోని 12లో నోడ్ 18, 2025లోని 13లో నోడ్ 20 కలవు. ఒక పంపిణీ వెలువడిన పిదప నందలి మొదటి యంకె మార్పఁబడదు; రక్షణదోషములు మాత్రము దిద్దఁబడును. స్థైర్యము దీని గుణము. నవీనత యిందు లేదు. నోడ్ నిర్వాహకుల క్రమము వేఱు. వారి వెర్షనులలో 12, 14, 16, 18, 20, 22 అను సరిసంఖ్యలు దీర్ఘకాలపోషణము నొందినవి. 13, 15, 17, 19, 21 అను బేసిసంఖ్యలు కొలఁది మాసములకే విడువఁబడినవి. కార్యమునకుఁ బేరు మాత్రమేగాక సరిసంఖ్యను గూడ నెఱిఁగి కోరుట యుక్తము.

గ్రంథభాగముల సంఖ్యను నిర్దేశించు ఫైలు "ప్యాకేజ్.జేసన్". ఇందు సామాన్యముగా సంఖ్యకు ముందొక గుర్తుండును. హంసపాదమును బోలిన ^ గుర్తు ముందున్నచో మొదటి యంకె మాఱకుండ నెంత క్రొత్తదైనను గ్రాహ్యమని యర్థము. ^1.2.3 అనఁగా 1.2.3 మొదలు 2.0.0కు లోపలిది. అలవంటి ~ గుర్తున్నచో రెండవ యంకెయు మాఱరాదు, ~1.2.3 అనఁగా 1.3.0కు లోపలిది. ఇది యుత్సర్గము. మొదటి యంకె సున్న యైనపు డపవాదము కలదు: ^0.2.3 అనఁగా 0.3.0కు లోపలిది మాత్రమే. సున్నతో మొదలగు గ్రంథ మింకను బరిపక్వము కానిదగుటచే నచట రెండవ యంకెయే మొదటి యంకె పనిని జేయును.

ఈ గుర్తులచే నొక నిర్దేశమున కనేకార్థములు పొసఁగుచున్నవి. ఈ మాసమున స్థాపించినవానికి 1.2.3 లభింపవచ్చును, వచ్చు మాసమున స్థాపించినవానికి 1.4.0 లభింపవచ్చును. ఇద్దఱును నిర్దేశము నతిక్రమింపలేదు. ఇద్దఱి ఫలములును వేఱు. ఈ సందేహమును దీర్చుటకై 2017లో ఎన్‌పీఎం 5వ వెర్షను "ప్యాకేజ్-లాక్.జేసన్" అను రెండవ ఫైలును గల్పించినది. వాస్తవముగా స్థాపింపఁబడిన ప్రతిగ్రంథము యొక్క నిశ్చితసంఖ్య యందు లిఖింపఁబడును. మొదటి ఫైలు గ్రాహ్యపాఠముల యవధిని జెప్పును. రెండవది గృహీతపాఠమును జెప్పును. 2018లో వచ్చిన "ఎన్‌పీఎం సీఐ" అను నాజ్ఞ రెండవదానినే యనుసరించును. ఉన్న నోడ్_మాడ్యూల్స్ సంచయమును దొలఁగించి, లిఖితపాఠమునే యథాతథముగాఁ దెచ్చి యుంచును. రెండు ఫైళ్లకు విరోధమున్నచోఁ దన యూహతో సమన్వయింపక నిలిచిపోవును. పరిష్కర్తకుఁ దెలియకుండ లేఖకుఁడు పాఠమును దిద్దుటకంటె నిలిచిపోవుటయే మేలు.

ప్రమాణము

నామ స్థాన సంఖ్యలు సరియైనను, వచ్చిన వస్తువు తద్రూపమే యనుట కేది యాధారము? ఈ ప్రశ్న కుత్తరముగా ముద్రాంకములు పుట్టినవి. ఒక ఫైలులోని యక్షరముల నన్నిటిని గణించి, నియతదైర్ఘ్యముగల యొక సంఖ్యను దేల్చు ప్రక్రియ కలదు. దానిలో నొక భేదము షా-256. ఫైలులో నొక్క యక్షరము మాఱినను నంకము పూర్తిగా మాఱును. వేదపాఠమును గాచుటకుఁ బెద్దలు జటా ఘనాది వికృతులను గల్పించినట్లే, దూరమునుండి వచ్చు ఫైలు నీ యంకము కాచును. నోడ్ ప్రతులతోఁ బాటు వాని యంకముల పట్టికయుఁ బ్రకటింపఁబడును. "షా256సమ్" అను నాజ్ఞచే లభించిన ఫైలునంకమును గణించి పట్టికతో సరిచూడవలయును. ప్యాకేజ్-లాక్ ఫైలునందు గ్రంథముల కిట్టి యంకములే వ్రాయఁబడియుండును. ఎన్‌పీఎం తానే సరిచూచుకొనును.

అయినను ముద్రాంకము చెప్పునది తద్రూపత్వమునే గాని యాప్తత్వమును గాదు. గ్రంథకర్తయే కపటి యైనచో నంకము సరిగానే యుండును. ఈ భేదమును నాలుగు సంఘటనలు స్పష్టపఱచుచున్నవి.

మొదటిది నామవివాదమునుండియే పుట్టినది. 2016 మార్చిలో "కిక్" అను ప్యాకేజి పేరును గూర్చి యొక రచయితకు నొక వ్యాపారసంస్థకును వాదము కలుగఁగా, ఎన్‌పీఎం నిర్వాహకులు పేరును సంస్థ కిచ్చిరి. రచయిత కినిసి తన ప్యాకేజీలను భాండారమునుండి యుపసంహరించెను. వానిలో "లెఫ్ట్-ప్యాడ్" అను పదునొకండు పంక్తుల గ్రంథ మొకటి. పదమున కెడమవైపున ఖాళీలు నింపుటయే దాని పని. బాబెల్ మొదలగు మహాగ్రంథములు పరంపరగా దాని నపేక్షించుటచే లోకమున నెన్నో కార్యములు నిలిచిపోయినవి. కొన్ని గంటలలో నది పునఃస్థాపింపఁబడెను. ఉపసంహరణనియమములు పిదప బిగింపఁబడెను. అల్పగ్రంథమైనను అపేక్షితమైనచో నల్పము కాదు.

రెండవది యపశబ్దమువలనఁ గలిగిన కీడు. 2017లో "క్రాస్-ఎన్వ్" అను ప్రసిద్ధప్యాకేజి పేరులో నడుమనున్న యడ్డగీఁతను దొలఁగించి, "క్రాస్ఎన్వ్" అను పేర నొకఁడు మోసపుగ్రంథమును బ్రకటించెను. అది స్థాపించినవారి యంత్రమునందలి రహస్యవివరములను దొంగిలించునది. ఒక సాధుశబ్దమునకు బహువిధములైన యపభ్రంశము లుండునని మహాభాష్యము పస్పశాహ్నికమునఁ గలదు. భాషలో నపభ్రంశముచే సాధుత్వము మాత్రము పోవును. ఇచ్చట ధనముఁ గూడఁ బోవును. కావున ప్యాకేజి పేరును జ్ఞాపకమునుండి వ్రాయరాదు. గ్రంథకర్త ప్రకటించిన చోటఁ జూచి వ్రాయవలయును.

మూఁడవది 2018లో జరిగినది. "ఈవెంట్-స్ట్రీమ్" అను ప్యాకేజిని దాని పూర్వనిర్వాహకుఁడు సహాయము చేయవచ్చిన యపరిచితునకు విశ్వాసముతో నప్పగించెను. అతఁడు దానికి మఱియొక ప్యాకేజి నపేక్షగాఁ జేర్చి, యందు బిట్‌కాయిన్ ధనమును హరింపఁగల వ్రాఁతను దాఁచెను. పేరు సరి, సంఖ్య సరి, అంకమును సరి. గ్రంథము మాత్రము దుష్టము. నాలుగవది 2025 సెప్టెంబరున నైనది. ఒక నిర్వాహకుని మోసపుటుత్తరముతో వంచించి, "చాక్", "డీబగ్" మొదలగు బహుప్రచారముగల ప్యాకేజీలలో దుష్టపాఠమును బ్రవేశపెట్టిరి. అది త్వరలోనే గుర్తింపఁబడెను. లాక్ ఫైలును బట్టి పాతపాఠమునే తెచ్చుకొనుచున్నవారి కా దుష్టపాఠము చేరుట కవకాశము లేదు. ఆ సమయమునఁ గ్రొత్తదానికై చేయిచాఁచినవారికే భయము.

ప్యాకేజీలు స్థాపనసమయముననే తమ యాజ్ఞలను గొన్నిటిని యంత్రముచే నడపింపఁగలవు. అవసరము లేనిచో "--ఇగ్నోర్-స్క్రిప్ట్స్" అను పదమును జేర్చి యా స్వాతంత్ర్యమును నిరోధింపవచ్చును. అపేక్ష లెంత తక్కువగా నుండునో భయ మంత తక్కువ.

కర్తవ్యక్రమము

పై విచారమునుండి ఫలించు క్రమ మిట్లుండును. మొదట "క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్" అను నాజ్ఞచేఁ బంపిణీ పేరును సంఖ్యను, "యూనేమ్ -ఎమ్" అను దానిచే యంత్రజాతిని దెలిసికొనవలయును. పిదప "టైప్ -ఏ నోడ్" అని విచారించి పూర్వస్థాపన మున్నదో లేదో చూడవలయును.

పంపిణీలోని నోడ్ సంఖ్య కార్యమునకుఁ జాలినచో "సుడో ఆప్ట్ అప్‌డేట్" అని భాండారపట్టికను దాజాపఱచి, "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ నోడ్‌జేఎస్ ఎన్‌పీఎం" అని స్థాపింపవలయును. సుడో ప్రయోగమున కుచితస్థాన మిదియే. ఏలయన నిచట వచ్చు వస్తువు డెబియను వారి ముద్రతోఁ బరీక్షింపఁబడి వచ్చును.

సంఖ్య చాలనిచో, లేదా వేర్వేఱు కార్యములకు వేర్వేఱు సంఖ్యలు కావలసినచో, "ఎన్‌వీఎం" అను సాధనము మేలు. ఇది గృహఫోల్డరులోనే పెక్కు నోడ్‌ల నుంచి, కోరినదానిని పాత్ పట్టికలో ముందుంచును. దీనికి సుడో యక్కఱలేదు. దీని స్థాపనమునకై యొక యాజ్ఞాఫైలును దెచ్చి నడపవలయును. దానిని దెచ్చినవెంటనే నడపక, తెఱచి చదివి పిదప నడపుట వివేకము. క్రొత్త టెర్మినలును దెఱచి "ఎన్‌వీఎం ఇన్‌స్టాల్ --ఎల్‌టీఎస్" అన్నచో దీర్ఘపోషణముగల వెర్షను వచ్చును. కార్యఫోల్డరులోఁ జుక్కతో మొదలగు ".ఎన్‌వీఎంఆర్‌సీ" అను ఫైలునందు సంఖ్యను వ్రాసి యుంచినచో, "ఎన్‌వీఎం యూజ్" అనఁగానే యా సంఖ్యయే గ్రహింపఁబడును. ఏ మార్గమైనను "నోడ్ --వెర్షన్", "ఎన్‌పీఎం --వెర్షన్" అని యడిగి ఫలమును సరిచూడవలయును.

తరువాత కార్యఫోల్డరును గల్పించి, యందుఁ బ్రవేశించి, "ఎన్‌పీఎం ఇనిట్ -వై" అన్నచోఁ బ్యాకేజ్.జేసన్ పుట్టును. "ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ --సేవ్-డెవ్ --సేవ్-ఎగ్జాక్ట్ ఈఎస్‌లింట్" అన్నచో దోషపరిశోధకసాధనము గుర్తులేని నిశ్చితసంఖ్యతోఁ గార్యఫోల్డరుననే నిలుచును. "ఎన్‌పీఎక్స్ ఈఎస్‌లింట్" అని పిలువవలయును. ప్యాకేజ్.జేసన్, ప్యాకేజ్-లాక్.జేసన్, .ఎన్‌వీఎంఆర్‌సీ యను మూఁడు ఫైళ్లను గ్రంథముతోఁ గూడ భద్రపఱుపవలయును. నోడ్_మాడ్యూల్స్ సంచయమును భద్రపఱుపఁ బని లేదు. రెండవ యంత్రమున "ఎన్‌పీఎం సీఐ" అన్నచో నది మరలఁ బుట్టును.

తెలుఁగు పండితునకుఁ బ్రయోజనము

ఇది యంత్రవేత్తలకే గాని పండితులకుఁ బ్రయోజనకరము గాదని కొంద ఱందురు. గ్రంథముల పదసూచికలు, నిఘంటువుల యకారాదిక్రమము, పద్యముల గణవిభాగము యంత్రముచేఁ జేయింపఁబడు కాలమున నీ మాట పొసఁగదు.

జావాస్క్రిప్టు సామాన్యక్రమమునఁ బదములను వరుసపఱచినచో యూనికోడులోని వర్ణసంఖ్యయే నియామకము. అందు ళకారము వకారమునకు ముందున్నది. కాఁబట్టి "కళ" ముందును "కవి" తరువాతను వచ్చును. హకారము తరువాత ళకారమును జదువు మన వర్ణమాల ననుసరించినచో "కవి"యే ముందు రావలయును. ఆ క్రమమును సూచికాకర్తయే ప్రోగ్రామునకుఁ జెప్పవలయును. చెప్పనిచో సూచిక యంతయు నన్యక్రమమున నుండును.

"స్త్రీ" యనునది పండితున కొక్క యక్షరము. జావాస్క్రిప్టు దాని పొడవు నడిగినచో ఆఱు అని చెప్పును: సకారము, విరామము, తకారము, విరామము, రేఫము, ఈకారచిహ్నము. లోకదృష్టిచే నక్షరమును ఖండించుటకు "సెగ్మెంటర్" అను నుపాయము కలదు. అది యూనికోడు నియమముల ననుసరించును. ఆ ప్రమాణపు పూర్వపాఠము ప్రకారము "స్త్రీ" మూఁడు ఖండములు. 2023లో వెలువడిన 15.1వ పాఠమునఁ దెలుఁగు మొదలగు లిపులలో విరామముచే సంయుక్తములైన హల్లులు విడిపోరాదను సూత్రము చేర్పఁబడినది. దాని ప్రకారము "స్త్రీ" యొక్కటియే. ఒక ప్రోగ్రాము పద్యములోని యక్షరములను లెక్కించినచో, యంత్రమున స్థాపితమైన పాఠమునుబట్టి ఫలము మాఱుట కవకాశము కలదు. అట్టి లెక్కపై నాధారపడి యొక పద్యము గణభంగము గలదని యొకఁడు వ్రాయవచ్చును. దోషము కవిది కాకపోవచ్చును, లేఖకునిది కాకపోవచ్చును, స్థాపనముదై యుండవచ్చును.

ప్రాచీనలేఖకులు గ్రంథాంతమున సంవత్సరమాసతిథులను, తమ పేళ్లను వ్రాయుట గలదు. ఆ గద్య లేని ప్రతి కాలనిర్ణయమునకుఁ బరిష్కర్త పడు శ్రమ యీ పాఠకలోకమునకుఁ దెలియనిది గాదు. యంత్రముచే సిద్ధమైన సూచికనో లెక్కనో ప్రకటించువారును అట్టి గద్య నొకదానిఁ జేర్చుట న్యాయము: సాధనము పేరు, దాని సంఖ్య, అది వచ్చిన స్థానము, దాని ముద్రాంకము. లాక్ ఫైలును గూడ గ్రంథముతో నుంచినచో పదియేండ్ల తరువాత నొక విద్యార్థి యా ఫలమును మరల సాధించి చూడఁగలఁడు. భేదము కనఁబడినచో నది యెచ్చటఁ బుట్టినదో చెప్పఁగలఁడు. ఈ నాలుగు పంక్తులకుఁ బట్టు శ్రమ స్వల్పము. అవి లేనిచో నా విద్యార్థికి మొదటఁ జెప్పిన రెండు కంప్యూటరుల సందేహమే మిగులును.